ఐసు గది మూత

తెల్లవారుజామున 5 గంటల 40 నిమిషాలకు ఫోన్ మోగింది. కంటైనర్ టెర్మినల్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్న టెక్నీషియన్. "సార్, మీ రొయ్యల కంటైనర్ మీటరు మైనస్ 18 చూపిస్తోంది. మీ ఆఫీసు పంపిన జాబితాలో 18 అని ఉంది. ఏది సరైనది?"

నిద్ర ఎగిరిపోయింది. గడ్డకట్టించిన రొయ్యలు మైనస్ 18 డిగ్రీల దగ్గర ప్రయాణం చెయ్యాలి. అంకె ముందున్న ఆ చిన్న గీత జారిపోతే కాగితం మీద మిగిలేది విశాఖలో జనవరి తెల్లవారుజామున ఉండే చలి. దుప్పటి కప్పుకుంటే ఆగిపోయే చలి. ఆ టెక్నీషియన్ కాగితాన్ని నమ్మి మీటరును దానికి తగ్గట్టు మార్చి ఉంటే, ఓడ ఎక్కేలోపే సరుకు మెత్తబడడం మొదలయ్యేది. అతను మార్చలేదు, అడిగాడు. మైనస్ 18 అని ఫోన్‌లో చెప్పి, అదే మాట మెయిల్ పెట్టి, సవరించిన కాగితం సంతకం చేసి ఇవ్వడానికి నేనే బయలుదేరాను.

టెర్మినల్ గేటు పక్కన మా జట్టులోని కుర్రవాడు బైకు మీద కూర్చుని ఉన్నాడు. ఆ జాబితా తయారుచేసింది అతనే. రాత్రి తొమ్మిదిన్నరకు గాజువాకలో ఇంటి దగ్గర అన్నం తింటూ ఫోన్‌లో జాబితా తెరిచి చూసుకుంటే గీత కనబడలేదట. కంచం ముందునుంచి లేచి, బండి తీసి, మల్కాపురం, సింధియా మీదుగా ఇక్కడికి వచ్చాడు. రాత్రిపూట లోపలికి వెళ్ళడానికి పాసు లేదు. తెల్లారి షిఫ్టు మారేటప్పుడు ఎవరినైనా పట్టుకుని నోటిమాటతో సరిచేయించుకోవచ్చని అక్కడే ఉండిపోయాడు. పక్కనే ఉన్న ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట కేకలు అప్పటికే మొదలయ్యాయి. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సముద్రపు తేమకు చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"ఒక మెయిల్ పెడితే సరిపోయేది కదా" అన్నాను.

"మెయిల్ పెడితే మీకు కాపీ వస్తుంది సార్."

"వస్తే ఏమైంది? నిన్ను ఎప్పుడైనా ఒక్క మాట అన్నానా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నేల వైపు చూస్తూ అన్నాడు. "అనరు సార్. ఎవరినీ ఏమీ అనరు. అందుకే భయం."

ఓడరేవు నుంచి విదేశాలకు వెళ్ళే సరుకుల పత్రాలు చూసే ఆఫీసులో పదకొండేళ్ళుగా ఒక చిన్న జట్టును నడుపుతున్నాను. గొంతు పెంచనని, ఎవరినీ నలుగురిలో తిట్టనని, తప్పు చేసినవాడికి కూడా ముందు టీ తెప్పిస్తానని నాకు పేరు. ఆ పేరు చూసి నేను మంచి అధికారినని నమ్మాను. ఆ కుర్రవాడి మాట విన్నాక రెండు రోజులు సరిగా అన్నం తినలేకపోయాను.

ఎందుకంటే అతను గాలిలోంచి ఆ మాట తీయలేదు. అంతకుముందు ఏడాది మా జట్టులో ఒక అమ్మాయి ఉండేది. రెండు షిప్పింగ్ బిల్లుల్లో బరువులు తారుమారు చేసింది. "పరవాలేదమ్మా, అందరికీ జరుగుతుంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. మూడు వారాల తర్వాత వార్షిక మదింపు ఫారంలో ఆమె పేరు ఎదురుగా నాలుగు వాక్యాలు రాసి మార్కు తగ్గించాను. మా ఆఫీసులో ఆ ఫారం నా బల్ల మీదినుంచి నేరుగా యాజమాన్యానికి వెళుతుంది. రాసినదేమిటో ఆమెకు చూపించలేదు. ఆమెకు కనబడింది పెరగని జీతం ఒక్కటే. ఆమెకు అర్థమైంది, మిగతా ఎనిమిది మందికీ అర్థమైంది. ఆరు నెలల్లో హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. వీడ్కోలు రోజున శాలువా కప్పి ఆమె శ్రద్ధ గురించి పది నిమిషాలు పొగిడాను. ఆ పొగడ్త ఆమె చెవికి ఎలా తగిలి ఉంటుందో నాకు తెలిసింది టెర్మినల్ గేటు దగ్గర.

ఉద్యోగుల శిక్షణ తరగతుల్లో అథెంటిసిటీ అనే మాట తరచుగా వినిపిస్తుంది. నువ్వు నువ్వులా ఉండు, ముసుగు తీసెయ్యి, నీ మనసు జట్టుకు తెలియనివ్వు అని చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ పని మీద మన భాషలో అంతకంటే పదునైన మాట ఎప్పటినుంచో ఉంది: త్రికరణశుద్ధి. మనసులో అనుకున్నది, నోటితో అన్నది, చేత్తో చేసినది ఒకటే కావాలి. ఆ కొలత నా మీద పెట్టి చూసుకున్నాను. ఆ అమ్మాయి విషయంలో మనసు అనుకున్నదే చెయ్యి రాసింది. మధ్యలో నోరు ఒక్కటే వేరే దారిలో పోయింది. నోటిని దారి తప్పించింది దురుద్దేశం కాదు, మొహమాటం.

మొహమాటాన్ని మనం గుణంగానే పెంచుకున్నాం. భోజనాల బంతిలో ఇంకొంచెం వడ్డిస్తే వద్దనలేకపోవడం, ఇచ్చిన అప్పు తిరిగి అడగలేకపోవడం, ఇంటికి వచ్చినవాళ్ళను పొద్దుపోయిందని పంపలేకపోవడం. సాటివాళ్ళ మధ్య అది మెత్తదనమే. కానీ ఇద్దరిలో ఒకరు జీతం పెంచే కాగితం రాసేవాడు, రెండోవారు ఆ జీతంతో పిల్లల ఫీజు కట్టేవారు అయినప్పుడు అదే మొహమాటం దాపరికంగా మారుతుంది. పైవాడు ఇబ్బందిపడే అయిదు నిమిషాలను తప్పించుకుంటాడు. దాని ఖర్చు కిందివాళ్ళు ఏడాదంతా మోస్తారు. ఇది చిన్న తప్పని నేను ఒప్పుకోను. తిట్టే అధికారి దగ్గర కనీసం మనం ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది.

మా పనిలోనే దీనికి ఒక పోలిక ఉంది. 2007 జనవరిలో నాపోలి అనే కంటైనర్ నౌక ఇంగ్లిష్ చానల్ దగ్గర తుఫానులో దెబ్బతింది. తర్వాత దాని డెక్ మీద తడవకుండా మిగిలిన 660 కంటైనర్లను తూచి చూశారు. 137 కంటైనర్ల అసలు బరువు కాగితం మీద చూపినదానికి మూడు టన్నులకు మించి తేడాగా ఉంది. ఓడలో ఏ పెట్టె కింద పెట్టాలో, ఏది పైన పెట్టాలో నిర్ణయించేవాళ్ళకు పెట్టె కనబడదు, కాగితంలోని అంకె ఒక్కటే కనబడుతుంది. అంకె అబద్ధమైతే బరువైనది తేలికదాని నెత్తి మీదికి ఎక్కుతుంది. 2016 జూలై 1 నుంచి తూచి ధ్రువీకరించిన బరువు లేని కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదని ప్రపంచమంతా నియమం వచ్చింది. మా ఆఫీసులో ఆ తూకం చీటీ లేకుండా ఒక్క పెట్టె కదలనివ్వను. అంత పట్టింపు ఉన్న నేనే మనుషుల విషయంలో తూచకుండా చీటీలు రాసి ఇచ్చాను. "బాగా చేస్తున్నావు" అని నేను మొహమాటానికి అన్న మాటను నమ్మి ఒకతను తన శక్తికి మించిన పని నెత్తికెత్తుకున్నాడు. అది కుంగినప్పుడు తప్పు అతనిదే అన్నట్టు చూశాను.

మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో మెకనైజ్డ్ బోటుకు సరంగు. బోటు మీద ఆయనే అధికారి. ఎటు వెళ్ళాలి, వల ఎక్కడ దించాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నీ ఆయన నోటి మీదే. కింద ఏడుగురు కళాసీలు. ఒకసారి బయలుదేరితే పది పన్నెండు రోజులు నీళ్ళ మీదే. వేట ఆగిపోయే రోజుల్లో మాత్రమే నాన్న ఇంట్లో వరసగా కనబడేవారు. ఆ రోజుల్లోనే నాకు కథలు చెప్పేవారు.

చిన్నప్పుడు ఒకసారి హార్బర్‌లో ఆగి ఉన్న బోటు ఎక్కాను. నాన్న ఐసు గది మూత ఎత్తి చూపించారు. చెక్క మూత, ఇద్దరు పట్టుకుంటేనే లేచేది. లోపల చీకటి, ముఖం మీదికి తెల్లగా లేచిన పొగ, చేపల వాసన. వెళ్ళేటప్పుడు ఇది ఐసుతో నిండుగా ఉంటుందని, రోజులు గడిచేకొద్దీ ఐసు తగ్గి చేపలు పెరగాలని, చేపలు పెరగకుండా ఐసు మాత్రమే తగ్గుతుంటే అందరి ముఖాలూ వాడిపోతాయని చెప్పారు. "మరి వాళ్ళకు ధైర్యం చెబుతావా?" అని అడిగాను. "ఏం చెబుతాను నాన్నా? మూత తీస్తే అందరికీ కనబడుతుంది కదా" అన్నారు.

ఆ మాటలోని బరువు నాకు నలభై దాటాక తెలిసింది. బోటు మీద సరంగు నిజాయితీపరుడు కావడానికి పెద్దగా కష్టపడనవసరం లేదు. డీజిలు ఎంత ఉందో, నీళ్ళు ఎంత ఉన్నాయో, ఐసు ఎంత మిగిలిందో ప్రతి కళాసీకీ తెలుసు. రాబడిలో ఎవరి పాలు ఎంతో బయలుదేరక ముందే తెలుసు. ఆఫీసులో అలా కాదు. ఐసు గది నా కంప్యూటర్‌లో ఉంటుంది. ఎవరి జీతం పెరగబోతోంది, ఏ ఎగుమతిదారు మమ్మల్ని వదిలి వేరే ఏజెంటు దగ్గరికి పోతున్నాడు, ఎవరి పని మీద ఫిర్యాదు వచ్చింది, ఎవరిని వేరే ఊరికి పంపాలని అనుకుంటున్నారు, అన్నీ మూత కింద ఉంటాయి. మూత మీద నేను కూర్చుని ఉంటాను. నవ్వుతూ.

అందుకే, నాయకుడు తనను తాను బయటపెట్టుకోవాలని చెప్పే పాఠం నాకు అసలు విషయాన్ని తప్పుదారి పట్టించేదిగా కనబడుతుంది. నా బాల్యం, నా ఇష్టాలు, నా భయాలు, నా కోపాలు జట్టుకు తెలియనక్కర లేదు. వాళ్ళు అవి అడగడం లేదు. నా దగ్గర ఉన్న నిజాల్లో కొన్ని నావి కావు, వాళ్ళవి. నా కుర్చీ వల్ల నా చేతికి వచ్చాయి, అంతే. వాటిని వాళ్ళకు అప్పగించడమే జట్టును నిజంగా నడపడమని ఇప్పుడు నా నమ్మకం. ఆ అమ్మాయి పని గురించి నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఆమె సొత్తు. దాన్ని నేను ఆమె వెనక యాజమాన్యానికి ఇచ్చేశాను.

"నేను ముక్కుసూటి మనిషిని, నా నోట్లో ఏదీ దాగదు" అనేవాళ్ళు ఈ వ్యాసం తమ పక్షమని అనుకోవచ్చు. కాదు. అలాంటి ఒక అధికారి కింద నేను మొదట్లో రెండేళ్ళు పనిచేశాను. ఉదయం ఇంట్లో జరిగిన గొడవ పది గంటలకు మా బల్లల మీద పగిలేది. తనకు ఏమనిపిస్తే అది అనేవాడు. దాన్ని నిజాయితీ అనుకునేవాడు. కానీ ఆ రెండేళ్ళలో మా జీతాలు ఎలా నిర్ణయిస్తారో ఒక్కసారి చెప్పలేదు. ఒక సహోద్యోగిని ఉన్నట్టుండి కాకినాడ పంపించి, కారణం అడిగితే పై నుంచి వచ్చిందన్నాడు. కోపం మొత్తం మాకు చూపించాడు, కాగితం ఒక్కటీ చూపించలేదు. గట్టిగా మాట్లాడేవాడి దగ్గర కూడా ఐసు గది మూసే ఉండవచ్చు.

భయాన్ని బయటపెట్టుకోవడం కూడా అంతే. నాయకత్వం మీద పరిశోధన చేసిన ఆచార్యురాలు హెర్మీనియా ఇబర్రా 2015లో ఒక ఉదాహరణ రాశారు. ఒక ఆరోగ్య సంస్థలో పెద్ద బాధ్యతకు ఎదిగిన ఒకామె, దాపరికం ఉండకూడదని, ఈ పని తనకు భయంగా ఉందని, సాయం కావాలని కొత్త సిబ్బందితో చెప్పింది. వాళ్ళకు ఆమె మీద నమ్మకం పెరగలేదు, ఉన్నది పోయింది. ఆమె అబద్ధమాడలేదు. కానీ పంచినది తన బరువు. ఏడుగురు కళాసీలకు కావలసింది డీజిలు లెక్క. సరంగు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో తెలిసి వాళ్ళు చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఇక్కడ హుద్‌హుద్ గుర్తుకు వస్తోంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలికి ఊరు ఊరంతా బోడి అయిపోయింది. కైలాసగిరి మీద చెట్లు లేవు, విమానాశ్రయం పైకప్పు లేదు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. రెండో రోజు నడిచి ఆఫీసుకు వెళ్ళాను. అప్పటి మా మేనేజరు పగిలిన కిటికీ పక్కన నిలబడి, వచ్చినవాళ్ళందరినీ దగ్గరకు పిలిచి, సొరుగులోని డబ్బు బల్ల మీద పెట్టి లెక్కపెట్టారు. "బ్యాంకు ఎప్పుడు తెరుస్తారో నాకు తెలియదు. ఉన్నది ఇదే. పసిపిల్లలు ఉన్నవాళ్ళు ముందు తీసుకోండి" అన్నారు. ఆ పది రోజులూ మేము పనిచేసినట్టు మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. సెల్లారులో తడిసిన ఫైళ్ళు ఒక్కొక్కటీ విప్పి ఎండలో ఆరబెట్టాం. ఎవరూ గంటలు లెక్కపెట్టుకోలేదు. తర్వాత కరెంటు వచ్చింది. కరెంటుతోపాటు పాత అలవాట్లూ వచ్చాయి. ఆ ఏడాది బోనస్ ఎందుకు తగ్గిందో అదే మేనేజరు మాకు చెప్పలేదు. ఆయన మంచివారే. పెద్ద గాలి వచ్చినప్పుడు మూత దానంతట అదే ఎగిరిపోయింది. మామూలు రోజుల్లో దాన్ని చేత్తో ఎత్తాలి, అది బరువు.

గేటు దగ్గరి ఉదయం తర్వాత నేను ఎత్తవలసిన మొదటి మూత మా పెద్దాయనది. ఆయనకు 57 ఏళ్ళు. నేను చేరిన కొత్తలో షిప్పింగ్ బిల్లు చదవడం నేర్పింది ఆయనే. టైపు మిషన్ మీద కార్బన్ కాగితాలు పెట్టి, ఒక్క కొట్టివేత లేకుండా తయారుచేసే చెయ్యి. అందరం ఆయన్ను మాస్టారు అంటాం. పని కంప్యూటర్‌లోకి మారాక, ఎనిమిది అంకెల సరుకు కోడ్‌లలో తరచుగా ఒక అంకె తప్పు పడుతోంది. ఆయనకు చెప్పలేక రెండేళ్ళపాటు, అందరూ వెళ్ళిపోయాక రాత్రి కూర్చుని ఆయన పత్రాలు నేనే సరిచేశాను. అది గౌరవమని అనుకున్నాను.

ఒక సాయంత్రం కాన్వెంట్ జంక్షన్ దగ్గర టీ తాగుతూ, ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మాస్టారూ, మీతో ఒక విషయం చెప్పాలి" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"నా కాగితాలు రాత్రిళ్ళు మీరు మళ్ళీ చేస్తున్నారు. అదేనా బాబూ?"

నాకు మాట రాలేదు.

"పొద్దున వచ్చేసరికి నేను పెట్టిన కోడ్ మారి ఉంటుంది. ఎవరు మార్చారని అడగడానికి నాకు మొహమాటం. మార్చానని చెప్పడానికి మీకు మొహమాటం. మధ్యలో నేను పనికిరానివాణ్ణి అయిపోయాను."

ఆ తర్వాత మాట్లాడుకున్నాం. చాలాసేపు. కోడ్‌ల పని ఒక చిన్నవాడికి ఇచ్చి, ఫ్యాక్టరీలతో ఉత్తర ప్రత్యుత్తరాలు, తూకం చీటీల తనిఖీ ఆయనకు పెట్టాం. అది ఆయనకు పూర్తిగా నచ్చలేదు. తన సొంత పని పోయినట్టుందని నాతోనే అన్నారు. నేను కాదనలేదు, ఎందుకంటే పోయింది నిజమే. కానీ ఇప్పుడు ఆయన పొద్దున వచ్చి కంప్యూటర్ తెరిచేటప్పుడు భుజాలు దగ్గరకు ముడుచుకుని కూర్చోవడం లేదు. రెండేళ్ళుగా అలా కూర్చునేవారని, అలా కూర్చోవడం మానేశాకే నేను గమనించాను.

2025 ఆగస్టులో ఇంకో పరీక్ష వచ్చింది. ఆ నెల 27 నుంచి మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యల వాళ్ళకు అది ఎక్కడ తగులుతుందో లెక్క వేసుకోవచ్చు. 2023-24లో దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యలే. అన్ని దేశాలకంటే ఎక్కువ కొన్నది అమెరికా. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకం భీమవరం చెరువుగట్టు మీదుగా మా బల్ల మీదికి వచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలోనే మా బుకింగులు పడిపోయాయి.

నిర్ణయం అయ్యేదాకా సిబ్బందికి ఏమీ చెప్పవద్దని యజమాని అన్నారు. పాత నేనైతే తల ఊపి, జట్టు దగ్గర నవ్వుతూ తిరిగేవాణ్ణి. ఈసారి ఆయన గదిలోనే కూర్చుని, చెప్పకుండా ఉండలేనని ముందుగా ఆయనకే చెప్పాను. వాదించుకున్నాం. చివరికి బుకింగుల లెక్కవరకు చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆ శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు జట్టును కూర్చోబెట్టి, కిందటి నెల కంటైనర్లు ఎన్ని, ఈ నెల ఎన్ని అన్నది కాగితం మీద రాసి బల్ల మధ్యలో పెట్టాను. "జీతాల గురించి ఇంకా నిర్ణయం లేదు. ఉద్యోగాలు పోవని నేను మాట ఇవ్వలేను. వచ్చే శుక్రవారం ఇదే సమయానికి మళ్ళీ కూర్చుందాం" అన్నాను.

వచ్చే శుక్రవారానికి కొత్త సంగతి ఏమీ లేదు. అయినా కూర్చున్నాం. కొత్త సంగతి లేదని చెప్పాను. నా అనుభవంలో అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేదీ ఇదే. కబురు ఉన్నప్పుడు చెప్పడానికి ఎవరైనా వస్తారు. కబురు లేని రోజున కూడా చెప్పిన వేళకు వచ్చి కూర్చుంటేనే, లేదన్న మాటను జట్టు నమ్ముతుంది.

దీనికి మూల్యం ఉంది. జట్టులో అందరికంటే చురుకైనవాడు మధురవాడలో ఫ్లాట్ కొనడానికి బ్యాంకు అప్పు పత్రాల మీద సంతకం పెట్టబోతున్నాడు. లెక్క చూశాక ఆగిపోయాడు. అక్టోబరులో వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. "మీరు చెప్పకపోతే వాడు వెళ్ళేవాడు కాదు" అన్నారు యజమాని. నిజమే, వెళ్ళేవాడు కాదు. ఆ లోటు మాకు ఇప్పటికీ తీరలేదు. "అతను సంతకం పెట్టాక ఈ కబురు తెలిసి ఉంటే ఆ వాయిదాలు మనం కట్టేవాళ్ళమా సార్?" అని అడిగాను. ఆయన జవాబివ్వలేదు. వేరే ఫైలు తెరిచారు.

నిజాయితీ వల్ల జట్టు నిలుస్తుందని, లాభాలు పెరుగుతాయని చెప్పేవాళ్ళతో నేను పూర్తిగా కలవలేను. ఒక్కోసారి దానివల్ల మంచి మనిషి చెయ్యి జారిపోతాడు. అయినా చెప్పాలి. ఆ లెక్క అతని ఇంటికి సంబంధించినది.

అన్నీ చెప్పాలనీ అనడం లేదు. మా జట్టులో ఒకామె కొన్ని నెలలు రోజూ నాలుగు గంటలకే వెళ్ళిపోయేది. ఇంట్లో ఒకరికి చికిత్స జరుగుతోంది, అది ఎవరికీ తెలియకూడదని నన్ను అడిగింది. మిగతావాళ్ళు గొణుక్కున్నారు. "ఆమె నా అనుమతితో వెళుతోంది. కారణం నాకు తెలుసు. చెప్పను" అన్నాను. పని ఎక్కువుందని పంపానని ఏదో కల్పించి చెప్పి ఉంటే ఆ పూటకు గొణుగుడు ఆగేది. కానీ ఆ నిజం ఆమెది. దాన్ని పంచే హక్కు నాకు లేదు, అలాగని దాని స్థానంలో అబద్ధం పెట్టే హక్కూ లేదు.

గీత జారిపోయిన సంఘటనకు ముందు ఏడాది మా పొరపాట్ల రిజిస్టరులో మొత్తం నాలుగు నమోదులు ఉన్నాయి. అది చూసుకుని గర్వపడేవాణ్ణి. తర్వాత చదివాను: 1990లలో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను లెక్కించారు. బాగా కలిసి పనిచేసే జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, వాళ్ళ దగ్గరే ఎక్కువ నమోదయ్యాయి. వాళ్ళు ఎక్కువ తప్పులు చెయ్యడం లేదు, ఉన్నవి చెబుతున్నారు. మా రిజిస్టరులో ఆ నాలుగు కాక ఎన్ని గేటు బయట బైకు మీద రాత్రంతా కూర్చున్నాయో నాకు ఎప్పటికీ తెలియదు. కొత్త పేజీలో మొదటి నమోదు నాదే రాశాను, ఓడ పేరు ఒకటి బదులు మరొకటి వేసిన తప్పు. ఆరు నెలల్లో 31 అయ్యాయి. అందులో తొమ్మిది ఆ గాజువాక కుర్రవాడివి. చాలావరకు సరుకు కదలకముందే దొరికినవి.

మదింపు ఫారం ఇప్పుడు యాజమాన్యానికి వెళ్ళేముందు ఆ మనిషి ముందు పెట్టి చదువుతాను. ఎదురుగా చదవవలసి వస్తుందని తెలిశాక, రాసేటప్పుడు చెయ్యి ఆగి ఆలోచిస్తుంది. "శ్రద్ధ తక్కువ" లాంటి మాట ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ చదవలేం. ఏ రోజు, ఏ పత్రం, ఏ అంకె అని రాయాలి. కిందటి మార్చిలో ఒకతనికి చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, ఆ పత్రం తాను చేసింది కాదన్నాడు. వెతికి చూస్తే నిజంగానే అతనిది కాదు. ఎన్ని ఏళ్ళుగా ఎవరి తప్పులు ఎవరి పేరు మీద రాశానో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ నిద్ర పట్టని రాత్రి తర్వాతే హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. ఆ అమ్మాయికి నా గొంతు వినగానే ఆశ్చర్యం. కుశల ప్రశ్నలు అయ్యాయి. పాప పుట్టిందని చెప్పింది. తర్వాత నేను ఫోన్ చేసిన కారణం చెప్పాను: బరువులు తారుమారైన సంగతి, పరవాలేదన్న మాట, ఫారంలో తగ్గించిన మార్కు, చూపించకుండా పంపిన తీరు. క్షమించమని అడిగాను.

అవతల చాలాసేపు నిశ్శబ్దం. పాప ఏడుపు లీలగా వినిపించింది, ఎవరో ఎత్తుకున్నట్టు ఆగింది.

"ఏమి రాశారు సార్ అందులో?" అంది.

నకలు నా సొరుగులోనే ఉంది. తీసి నాలుగు వాక్యాలూ చదివాను.

"రెండోది మళ్ళీ చదవండి" అంది. చదివాను.